రెండద్దాల కిటికీ

జూన్ 24, 2003

కిటికీ అద్దాల మధ్య ఆవిరి పట్టింది. లోపలి వైపు తుడిచాను, పోలేదు. వాన తెరిపిచ్చాక బయటికి వెళ్ళి తుడిచాను, పోలేదు. అది రెండద్దాలకీ నడుమ ఉంది. చెయ్యి పట్టని చోటే చేరింది, నన్ను ఏడిపించడానికి.

పెట్టించి ఎంతో కాలం కాలేదు. రాజమండ్రిలో ఏదో కంపెనీ వాళ్ళ పాత గెస్ట్‌హౌస్ పడగొడుతున్నారనీ, దాని కిటికీలు వేస్తే బయట బాంబు పేలినా లోపల వినపడదనీ ఎవరో చెప్పారు. పాత సామాన్ల వాడితో బేరమాడి, అరటి గెలల వ్యానులో ఎక్కించి, పగలకుండా గెలల మధ్య ఒద్దికగా కూర్చోబెట్టి రావులపాలెం తెచ్చాను. స్కూల్లో అందరూ నవ్వారు. హైవే పక్కన ఇల్లు కట్టుకుని చప్పుడు వద్దంటే ఎలా టీచర్ గారూ అన్నారు. మేం ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ రోడ్డు ఇంత దగ్గరగా లేదు. నాలుగు లైన్లు చేస్తామని వచ్చి మా అరుగు మీదికి ఎక్కింది. అదీగాక, అప్పుడు మా ఆయనకి హారన్ అంటే భయం లేదు. ఆయనే కొట్టేవారు.

ఫిబ్రవరి నుంచి ఇదీ వరస. లారీ హారన్ వినపడితే చాలు, మంచం కిందికి దూరి చెవులు మూసుకుని "ఆగు, ఆగు" అని అరుస్తారు. పెళ్ళికి ముందు నుంచీ కడియం మొక్కల లారీ నడిపిన మనిషి. తుని దాటాక సైకిలు మీద పోతున్న ఒకాయన ఆ లారీ కింద పడి చనిపోయాడు. కేసు నడుస్తోంది. అక్కడ ఏం జరిగిందో ఆయన నాకు ఇంతవరకూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే మళ్ళీ గుర్తొస్తుంది కదా. ముందు చప్పుడు ఆగాలి. చప్పుడు ఆగితే నిద్ర పడుతుంది, నిద్ర పడితే మనిషి కుదుటపడతాడు. ఇందులో అర్థం కానిది ఏముంది?

జూన్ 25

ఆవిరి అలాగే ఉంది.

జూన్ 29, ఆదివారం

చర్చి అయ్యాక ఆశీర్వాదం బావగారు జీపులో వచ్చారు. ఈయనకి స్వయానా అన్నగారు. తండ్రి పోయాక ఈయన్ని పెంచింది ఆయనే, కాబట్టి ఆయన మాటకి ఈ ఇంట్లో ఎదురుండదు. కాఫీ తాగుతూ కిటికీ వంక చూశారు. ఆవిరి మీద నీటి చారలు జారుతున్నాయి.

"అమ్మా తబితా, నీ మీద నాకేం కోపం లేదు. నువ్వు పడే పాట్లు చూస్తన్నాను. కానీ డాక్టరు లేకుండా, మందు లేకుండా, కిటికీలు మార్చుకుంటా కూర్చుంటే ఎలాగమ్మా?"

డాక్టరు వద్దన్నది ఆయన తమ్ముడే. పెద్దాసుపత్రి వాళ్ళు కాగితం మీద పిచ్చి అని రాస్తే ఇక జన్మలో స్టీరింగు పట్టుకోనివ్వరని ఈయన భయం. ఆ మాట బావగారికి తెలుసు. అందుకే వేరే దారి వెతికారు. సముద్రం వైపు ఏదో ప్రార్థనశాల ఉందట. ఉపవాసాలు ఉంచుతారట, తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారట. పారిపోకుండా కాలికి గొలుసు వేసి స్తంభానికి కడతారట.

"గొలుసంటే మరీ అలా అనుకోకమ్మా. రోడ్డు మీదకి పరిగెత్తకుండా, అంతే."

"మా ఇంట్లో కుక్కని కూడా నేను గొలుసుతో కట్టలేదు బావగారూ," అన్నాను.

అలా అనకూడదు. ఆయన నొచ్చుకున్నారు. ఆగస్టు సగం దాకా చూద్దాం, అప్పటికీ ఇలాగే అరుస్తుంటే జీపు తెస్తాను, నువ్వు అడ్డు చెప్పకు అన్నారు. సరే అన్నాను. ఇదంతా ఈయన మంచం మీద కూర్చుని వింటూనే ఉన్నారు. ఎవరో పక్కింటి వాళ్ళ గురించి మాట్లాడుకుంటున్నట్టు గోళ్ళు చూసుకున్నారు.

ఆగస్టు సగం అంటే బోలెడు టైముంది. కిటికీ బాగుచేస్తే చాలు.

జూలై 2

అల్యూమినియం పనులు చేసే బంగార్రాజు వచ్చాడు. ఇలాంటి కిటికీ ఎప్పుడైనా చూశావా అని అడిగాను.

"ఆయ్, బోలెడు చూశామండి. వైజాగులో పెద్ద పెద్ద హోటళ్ళకి చేశామండి."

వేలితో అద్దం మీద టకటకా కొట్టి, చెవి ఆనించి, గుండె చూసిన డాక్టరులాగా తల ఊపాడు. చూడలేదని నాకు అర్థమైంది. కానీ రావులపాలెంలో ఇంకెవరున్నారు?

చట్రం అడుగున రబ్బరు పట్టీ పీకితే లోపలంతా నీళ్ళు. గరిటెతో తోడాం. ఆ నీళ్ళు బయటికి పోవడానికి కింద సన్నటి బెజ్జాలు ఉన్నాయట. అవి కనపడవేం అని చూస్తే, కిటికీ బిగించిన మేస్త్రీ వాటిని తెల్ల సిమెంటు పెట్టి శుభ్రంగా మూసేశాడు. చీమలు దూరకుండా. నాకు గుర్తుంది, భలే ఆలోచించావయ్యా అని నేనే అతనికి టీ ఇచ్చాను. ఈ వానలకి నీళ్ళు లోపలే నిలిచి, అద్దాలని కలిపి ఉంచే జిగురు నాని ఊడింది. అక్కణ్ణుంచి తేమ లోపలికి పాకింది. తేమ దూరిందంటే చప్పుడూ దూరుతుంది. అందుకే ఆయనకి తగ్గలేదు. కారణం దొరికినందుకు ప్రాణం లేచొచ్చింది.

అద్దాలు కొట్టుకి తీసుకెళ్ళి విడదీసి, ఆరబెట్టి తెస్తానన్నాడు. అన్నాళ్ళూ కిటికీకి దుప్పటి కట్టుకోవాలి.

జూలై 6

దుప్పటి ఏం ఆపుతుంది? చర్చికి వెళ్ళలేదు. పొద్దున్నుంచీ ఆయన మంచం కిందే ఉన్నారు. అన్నం ప్లేటు అక్కడికే తోశాను.

లారీల వాళ్ళకి ఒక అలవాటుంది. తోటి డ్రైవరు ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు రెండుసార్లు హారన్ కొడతారు. అది పలకరింపు. ఇంట్లో ఉంటే ఈయన గుమ్మంలోకి వచ్చి చెయ్యెత్తేవారు. ఇప్పుడూ కొడుతున్నారు. నిజానికి ఇదివరకటి కంటే ఎక్కువ కొడుతున్నారు. వాళ్ళ ప్రేమ తగలెయ్య.

ఇక పట్టలేక లారీల స్టాండుకి వెళ్ళాను. అరటి గెలలు ఎక్కిస్తున్న చోట నలుగురైదుగురు డ్రైవర్లు టీ తాగుతున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. సంగతి చెప్పాను. ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టేశాడు.

"శ్యామన్న ఏవనుకుంటాడోనని కొడతన్నామండి. కేసయ్యాక వీళ్ళంతా మొహం చాటేశారనుకోకూడదు కదండి."

"కొట్టకండి బాబూ. మీకు దణ్ణం పెడతాను. మా ఇంటి ముందు కొట్టకండి."

సరేనన్నారు. తల దించుకుని సరేనన్నారు. తిరిగొచ్చేసరికి మా అరుగు మీద జనం. నేను లేని ఆ కాస్తలో ఆయన రోడ్డు మీదికి పరిగెత్తారట. వస్తున్న లారీకి ఎదురుగా రెండు చేతులూ చాచి నిలబడి ఆగు, ఆగు అని అరిచారట. పక్కింటి మాణిక్యాంబ గారు చొక్కా పట్టి వెనక్కి లాగారు. ఆ చొక్కా ఆవిడ ఇంకా వదల్లేదు.

"టీచరు గారూ, మీరు బడికి పోతారు. రోజంతా ఈయన కేకలు నేను వింటన్నాను. నా గుండె నిబ్బరమైంది కాదమ్మా. ఏదో ఒకటి చెయ్యండి."

చేస్తున్నాను కదా. అదే కదా చేస్తున్నాను.

జూలై 9

అద్దాలు వచ్చేశాయి. తళతళలాడుతున్నాయి. కిటికీ మూస్తే రోడ్డు ఎక్కడో ఊరవతలికి పోయినట్టుంది.

తేమ మళ్ళీ రాకుండా ఏం చేశావని బంగార్రాజుని అడిగాను. రెండద్దాల మధ్య చుట్టూ ఒక అల్యూమినియం గొట్టం ఉంటుంది. అందులో తేమ పీల్చే మందు గింజలేవో ఉన్నాయట, అవి తడిసి పనికిరాకుండా పోయాయట.

"ఆ గింజలు మనకెక్కడ దొరుకుతాయండి? మన ఇళ్ళల్లో ఉప్పు చెమ్మగిల్లకుండా డబ్బాలో బియ్యం వెయ్యవా అండి? అందుకని గొట్టానికి కాస్త పెద్ద బెజ్జాలు పెట్టి బియ్యం పోసేశానండి. సన్నాలేనండి, మంచి రకం."

అతని తెలివికి నేను నిజంగానే ముచ్చటపడ్డాను. వెంటిలేటర్లకి థర్మోకోల్ అతికించాం. వంటింట్లోకి పోయే తలుపుకి కింద రబ్బరు పట్టీ కొట్టించాను. ఇల్లంటే మాకు ఉన్నది ఈ గదీ, వెనక రేకుల వంటిల్లూ. ఆ రేకుల కింద చప్పుడు ఇంకా ఎక్కువ, ఆయన ఇక్కడే ఉండాలి.

రాత్రి నిద్రపోయారు. మధ్యలో లేచారేమో నాకు తెలియదు, నేనూ పడిపోయాను.

జూలై 20

పురుగులు.

బియ్యప్పురుగులు. రెండద్దాల మధ్య. ఒకటి అద్దం మీద పైకి పాకుతోంది, ఇంకోటి కిందికి దిగుతోంది. ముందు నమ్మలేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. సన్నాలు, మంచి రకం.

ఆయన కుర్చీ లాక్కుని కిటికీ ముందు కూర్చుని వాటినే చూస్తున్నారు. ఎప్పట్నుంచి చూస్తున్నారండీ అని అడిగాను. చాలా రోజుల్నుంచి అన్నారు.

"చెప్పలేదేం?"

"నువ్వు బాధపడతావని. పాపం, ఎటెళ్ళాలో తెలీక తిరుగుతన్నాయి."

నాకు నవ్వొచ్చింది. బంగార్రాజు ముఖం గుర్తొచ్చి పడీపడీ నవ్వాను. ఆయన కూడా నవ్వారు. ఫిబ్రవరి తర్వాత ఆయన నవ్వగా చూడడం ఇదే. అంతలో బయట ఒక హారన్ మోగింది, సన్నగా లోపలికి దూరింది. గొట్టానికి పెట్టిన బెజ్జాల వల్లే అయ్యుంటుంది. ఆయన కుర్చీలోంచి జారి మంచం కిందికి వెళ్ళిపోయారు. నా మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు.

జూలై 22

ఇంకా ఎక్కువయ్యాయి.

జూలై 27

ఇక ఎవరినీ నమ్మను. నేనే చేశాను.

రాజమండ్రి వెళ్ళి గాజు సామాన్ల కొట్ల చుట్టూ తిరిగి కనుక్కున్నాను. కొత్త చెప్పుల డబ్బాల్లో, మాత్రల సీసాల్లో చిన్న పొట్లాలుంటాయి, తినకూడదని రాసి ఉంటుంది. ఆ గింజలే కావాలి. చెప్పుల కొట్ల వాళ్ళనీ మందుల షాపుల వాళ్ళనీ బతిమాలి ఒక సంచీ నింపాను. టీచరుకి బుర్ర చెడిందని వాళ్ళలో వాళ్ళు అనుకునే ఉంటారు. ఒకరి బుర్ర చెడితే ఇంకొకరిది చెడకుండా ఎలా ఉంటుంది?

గింజల్ని మూకుట్లో సన్నటి మంట మీద వేడిచేశాను. బంగార్రాజు అద్దాలు విడదీసిచ్చి, తప్పు చేసినవాడిలా పక్కన నిలబడ్డాడు. డాబా మీద ఎండలో ఆరబెడుతుంటే రెండుసార్లు వాన. రెండుసార్లూ మోసుకుంటూ పరిగెత్తాం. మూడోసారి ఎండ నిలిచింది. గొట్టం మార్పించి, గింజలు వేడి మీదే పోసి, గాజు వేడిగా ఉండగానే చుట్టూ సిలికాన్ పట్టించాం. మూలల్లో కుంచించుకుపోయిన రబ్బరు బదులు సైకిలు ట్యూబు ముక్కలు కోసి దూర్చాను. బిగుసుకుపోయిన హేండిలుకి కొబ్బరినూనె వేశాను. సిమెంటు గీకేసి బెజ్జాలు తెరిచి, చీమలకి దోమతెర ముక్క అడ్డం పెట్టాను. వేళ్ళ మీద తోలు లేచిపోయింది.

పని చేస్తున్నంతసేపూ ఆయన నన్నే చూస్తూ కూర్చున్నారు. ఎందుకింత కష్టపడతావు అన్నారు. మీ కాలికి గొలుసు పడకూడదని అన్నాను. 

ఆగస్టు 2

చప్పుడు లేదు.

లారీ పోతుంటే కనిపిస్తుంది గానీ వినపడదు. అద్దం ఎంత శుభ్రంగా ఉందంటే అసలు లేదేమో అనిపిస్తుంది. నేను మోకరించి ఏడ్చాను. ప్రభువా, చాలు.

ఆగస్టు 4

స్కూలుకి వెళ్ళేటప్పుడు వంటింటి వైపు తలుపుకి బయట గడియ పెట్టి వెళ్తున్నాను. గాలికి కొట్టుకుంటే కింద రబ్బరు ఊడుతుంది. వీధి తలుపుకి ఎలాగూ తాళమే. లోపల కూజాతో నీళ్ళు, కేరియరులో అన్నం, ఫ్యాను, మూల ఒక బకెట్టు, అన్నీ పెట్టాను. ఏ లోటూ లేదు.

ఆగస్టు 6

సాయంత్రం వచ్చేసరికి మంచం మీద పడుకుని ఉన్నారు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. బాగా పడుకున్నారా అని అడిగాను. ఆఁ అన్నారు. ఒళ్ళెరక్కుండా పడుకుంటే చెమట పోయదూ మరి, అందులోనూ ఈ ఉక్కలో.

మాణిక్యాంబ గారు గోడ మీంచి పలకరించారు. "కేకలు లేవు, ఏం లేవు. తగ్గినట్టేనా టీచరు గారూ?" తగ్గిందండీ అన్నాను. ఆ మాట నోటితో అనడం ఎంత బాగుందో.

ఆగస్టు 8

గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఫ్యాను గాలి పడలేదు. మిరియాల పాలు ఇచ్చాను.

పాలు తాగుతూ అడిగారు, మనవాళ్ళ లారీలు ఇటు రావట్లేదా అని. ఒక్కళ్ళూ పలకరించట్లేదట. రూటు మారిందట అని చెప్పాను. మంచి కోసం ఆడిన అబద్ధం.

ఆగస్టు 10, ఆదివారం

చర్చిలో నిలబడి, ఈయనకి దేవుడు తగ్గించాడని సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఇంటికొచ్చేటప్పుడు ఎస్‌టీడీ బూత్ నుంచి బావగారికి ఫోన్ చేశాను. మీ తమ్ముడు బాగున్నారండీ, అరుపుల్లేవు, పగలంతా హాయిగా నిద్రపోతున్నారు అన్నాను.  వచ్చే ఆదివారం వచ్చి కళ్ళారా చూసి, కృతజ్ఞతా ప్రార్థన పెట్టిద్దామన్నారు.

ఈయన చేతి వేళ్ళ కణుపులు కమిలి ఉన్నాయి. మంచం పట్టెకి తగిలిందట. ఇంట్లోనే ఉండి ఉండి ఒంటికి అలవాటు తప్పింది. అటూ ఇటూ తగులుకుంటారు.

ఆగస్టు 12

కిటికీ లోపలి అద్దం మీద చేతుల మరకలు. తుడిచాను.

ఆగస్టు 13

మళ్ళీ ఉన్నాయి. తుడిచాను.

ఆగస్టు 14

రాయాలి.

మా స్కూల్లో పూర్వం పనిచేసిన హెడ్మాస్టరు గారు పోయారని మధ్యాహ్నం సెలవిచ్చేశారు. ఆటో దిగాను. మాణిక్యాంబ గారు అరుగు మీద గోరుచిక్కుళ్ళు తుంచుకుంటున్నారు.

"ఇయ్యాల తొందరగా వచ్చారే. ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి టీచరు గారూ. ఒక్క కేక లేదు."

నేను లోపలికి వెళ్ళకుండా కిటికీ దగ్గరికి వెళ్ళాను. నిద్రపోతుంటే చూసి మురిసిపోదామని. నేను చేసిన కిటికీలోంచి.

ఆయన అద్దానికి ఆనుకుని నిలబడి ఉన్నారు. రెండు అరచేతులూ అద్దం మీద. నోరు తెరిచి ఉంది. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. అరుస్తున్నారు. జానెడు దూరంలో నిలబడ్డాను, నాకేమీ వినపడలేదు. నా వెనక రోడ్డు మీద లారీల మోత, ముందు ఆయన నోరు. పిడికిలితో అద్దాన్ని కొడుతున్నారు, ఆ దెబ్బ కూడా వినపడలేదు. నా మొహంలోకే చూస్తున్నారు గానీ, అరిచి అరిచి అప్పటికి ఆయనకి ఎవరూ కనిపిస్తున్నట్టు లేదు. పిలుస్తున్నది నన్నే. ఇన్నేళ్ళ కాపురం, నా పేరు ఆయన నోట ఎలా ఉంటుందో నాకు తెలియదా?

మాణిక్యాంబ గారు నా పక్కకి వచ్చారు. ఆవిడ ఒళ్ళోంచి చిక్కుళ్ళు నేల మీద పడ్డాయి. "అయ్యో తల్లీ. రోజూ ఇలాగేనా?"

తాళం చెవి మాణిక్యాంబ గారి చేతిలో పెట్టాను. ఆవిడే తీశారు. తలుపు తెరవగానే ఆ అరుపు. అరుపు కూడా కాదు, గొంతులో ఇంకేమీ మిగల్లేదు. నా మీద పడిపోయారు. ఒళ్ళంతా చెమట.

ఎప్పట్నుంచి అని అడిగాను.

"తలుపులేసి వెళ్ళిన కాడ్నుంచి. రోజూ. చప్పుడేం లేకపోతే ఆ ఒక్క హారనే వినపడ్తంది తబితా. బయటదైతే కాసేపటికి పోద్ది. ఇది పోదు."

"మరి సాయంత్రం నాతో చెప్పలేదేమండీ?"

"నువ్వు వస్తానే నవ్వుతా అడిగేదానివి, బాగా పడుకున్నారా అని. చేతులన్నీ పుళ్ళు చేసుకున్నావు. ఎలా చెప్పేది?" నా చేతులు తిప్పి చూస్తూ అన్నారు, "నువ్వు తాళమేసి వెళ్తన్నప్పుడు నీకు వినపడ్తందనే ముందు అనుకున్నాను. విని కూడా రావట్లేదనుకున్నాను."

నేను స్కూల్లో ఎక్కాలు చెప్పించుకుంటున్నాను. ఆ గంటలన్నీ. గాలికి తలుపు కొట్టుకుంటుందని రాశాను పైన. ఏ గాలి? కిటికీలు మూసిన ఇంట్లో ఏ గాలి? రోడ్డు మీదికి పోతారని గడియ పెట్టాను, ఆ మాట ఈ పుస్తకంలో కూడా రాసుకోలేకపోయాను. ఆ ప్రార్థనశాలలో గొలుసు వేస్తే ఈయన అరుపైనా పది మందికి వినపడేది. నేను అది కూడా లేకుండా చేశాను.

ఆగస్టు 15

జెండా వందనానికి వెళ్ళలేదు. కిటికీ తెరిచాను. హారన్లు లోపలికొచ్చాయి. ఆయన మంచం కింద, నేను మంచం పక్కన నేల మీద.

ఆగస్టు 16

రేపు బావగారు వస్తారు. కిటికీ మూసి, గదిలో పడుకోబెట్టి, బయట అరుగు మీద కుర్చీలు వేస్తే ఆయనకేమీ తెలియదు. ప్రార్థన చేసి వెళ్ళిపోతారు. గొలుసు తప్పుతుంది.

ఈ మాట నాకు తోచింది. ఇంత జరిగాక కూడా తోచింది. ఇలా తయారైంది నేనేనా?

ఆగస్టు 17, ఆదివారం

కిటికీ తెరిచే ఉంచాను. బావగారు పళ్ళూ బిస్కెట్లూ పట్టుకుని నవ్వుతూ జీపు దిగారు. తమ్ముడి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేశారు. నేను కాఫీ తెచ్చే లోపలే రోడ్డు మీద ఒక లారీ హారన్ కొట్టింది, గట్టిగా, ఆగకుండా. ఈయన ఆ చెయ్యి విదిలించుకుని నేల మీద పడి మంచం కిందికి పాకారు. ఆగు, ఆగు అని ఆ గొంతుతోనే.

బావగారు వంగి మంచం కిందికి చూశారు. ఇన్నాళ్ళూ విన్నారే గానీ ఆయన ఇది కళ్ళతో చూడలేదు. "ఇదేనా తల్లీ తగ్గడం?" అన్నారు.

చెప్పేశాను. కిటికీ సంగతి, గడియ సంగతి, బకెట్టు సంగతి. సాక్ష్యం చెప్పిన సంగతి కూడా. ఆయన నన్ను తిడితే బాగుండేది. 

"బట్టలు సర్దమ్మా," అన్నారు చివరికి.

నేను నోరు తెరిచేలోగా ఈయనే మంచం కింద నుంచి వచ్చారు. కొక్కేనికున్న సంచీ తీశారు. చొక్కా, లుంగీ, తువ్వాలు పెట్టుకున్నారు. లారీ ఎక్కబోయే ముందు ఎలా సర్దుకునేవారో అలాగే, తొందర లేకుండా.

"పద అన్నయ్యా. అక్కడ అందరూ అరుస్తారంట కదా. ఒకళ్ళది ఒకళ్ళకైనా వినపడుద్ది."

 గొలుసు తప్పించాలని ఇన్ని నెలలు కొట్టుకున్నాను, ఈయన తన కాళ్ళతో దాని దగ్గరికి నడిచి వెళ్తున్నారు. నా గది కంటే అదే నయమని. ఆపే హక్కు నాకెక్కడుంది? చెప్పులేసుకుని వాళ్ళ వెనకే వెళ్ళి జీపెక్కి కూర్చున్నాను.

"నువ్వెక్కడికమ్మా?"

"నేనూ వస్తాను బావగారూ. కట్టేసేదైతే ఇద్దర్నీ పక్కపక్కన కట్టెయ్యమనండి. నాకూ వినపడాలి."

బావగారు తాళం చెవి పెట్టారు గానీ తిప్పలేదు. స్టీరింగు మీద చేతులుంచుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నారు. మాణిక్యాంబ గారు గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. 

"నేను అక్కడ ఒక రాత్రి పడుకున్నాను తమ్ముడూ," అన్నారు బావగారు, వెనక్కి తిరక్కుండానే. "నిన్ను చేర్చే ముందు ఎలాగుంటదో చూద్దారని. నువ్వన్నట్టే, అందరూ అరుస్తారు. కానీ ఎవరూ వినరు. తెల్లారేసరికి నేను కూడా వినడం మానేశాను." ఆయన మొహం తుడుచుకున్నారు. "వేరే దారి లేదనుకుని నీకు చెప్పలేదమ్మా తబితా."

తర్వాత దిగి, ఈయన చేతిలో సంచీ తీసుకుని లోపల కొక్కేనికి మళ్ళీ తగిలించారు. బుధవారం కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్తాను, కాగితం మీద ఏం రాస్తే అది రాసుకోనీ అన్నారు. లైసెన్సు పోతుందేమో అన్నారు ఈయన. పోనీ అన్నారు ఆయన. ఈయన తల ఊపారు. కృతజ్ఞతా ప్రార్థన మాట ఎవరూ ఎత్తలేదు.

ఆగస్టు 18

సెలవు పెట్టాను. ఎన్నాళ్ళని రాయలేదు.

కిటికీ తెరిచే ఉంది. పొద్దున్న ఒక హారన్‌కి ఆయన మంచం కిందికి వెళ్ళారు. నేను కూడా దూరాను. ఇద్దరం పట్టేంత చోటు లేదు, నా వీపు సగం బయటే ఉంది. అరిచారు. చెవి పక్కనే అరిచారు. ఆగమని గానీ ఊరుకోమని గానీ అనలేదు, అయ్యేదాకా విన్నాను.

అప్పుడు అడిగాను, ఫిబ్రవరి నుంచీ అడగనిది. ఆ రోజు ఏమైందండీ?

 చెప్పారు. సైకిలాయన రోడ్డు వారగానే పోతున్నాడట. తప్పుకుంటాడని ఈయన హారన్ కొట్టారట. ఎవరా అని ఆయన వెనక్కి తిరిగి చూశాడట. చూస్తే సైకిలు ఇటు వంగింది.

"నేను కొట్టకపోతే ఇంటికెళ్ళిపోయేవాడు తబితా. నన్ను చూశాడు. నా మొహంలోకి చూశాడు."

  ఆయన మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు. మళ్ళీ విన్నాను.